ఆషాఢం చదువు అయింది, శ్రావణానికి ఏ పుస్తకం?

పర్లాకిమిడిలో శ్రావణం రెండుసార్లు వస్తుంది. ఒడియా ఇళ్ళలో ఆషాఢ పున్నమి మర్నాడే వచ్చేస్తుంది. మా తెలుగిళ్ళలో రావాలంటే అమావాస్య వెళ్ళాలి. మధ్యలో మిగిలే ఆ పదిహేను రోజులూ నాకు పుస్తకాలు తేల్చుకునే రోజులు. వెనకటి నెల ఏం చదివాను, ఎక్కడ ఆగిపోయాను, వచ్చే నెలకి ఏది తెరవాలి అని కూర్చుని చూసుకుంటాను. ఈసారి ఆ లెక్క రాసి పెడుతున్నాను. బరంపురం నుంచి రాయగడ దాకా మాలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళది తెలుగు చదువు, పిల్లలది ఒడియా చదువు, మధ్యవాళ్ళకి రెండూ కొంచెం కొంచెం వచ్చు. అలాంటి ఇంట్లో పుస్తకం ఎంచుకోవడం శ్రీకాకుళంలోనో విజయవాడలోనో ఎంచుకున్నట్టు ఉండదు.

మా ఇంటి సంగతి ముందు చెప్తాను. అమ్మకి డెబ్భై ఆరేళ్ళు. చూపు తగ్గింది, చెవి మాత్రం చురుగ్గా ఉంది. రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదువుతాను, ఆవిడ వింటుంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. నేనూ ఒడియా బడిలోనే చదివాను. తెలుగు అక్షరాలు అమ్మే దిద్దించింది. కాబట్టి మా ఇంట్లో పుస్తకం అంటే ఒకరు చదివేది కాదు, ముగ్గురి మధ్య తిరిగేది.

ఆషాఢంలో మూడు తెరిచాను. ఒకటి పూర్తయింది, ఒకటి సగంలో ఆగింది, ఒకటి రైల్లో అయిపోయింది.

పూర్తయింది కన్యాశుల్కం. ఇది కొనేవాళ్ళకి ఒక మాట. గురజాడ దీన్ని రెండుసార్లు రాశారు. 1897లో అచ్చయిన మొదటి కూర్పు ఐదంకాలు. 1909లో తిరగరాసిన రెండో కూర్పు ఏడంకాలు. మనం కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నే. షాపులో అడిగితే ఇచ్చేదీ అదే. మొదటి కూర్పు పరిశోధన చేసేవాళ్ళకి పనికొస్తుంది, ఇంట్లో చదువుకోవడానికి రెండోదే తీసుకోండి.

పైకి చదవడానికి దీన్ని మించిన తెలుగు పుస్తకం నాకు కనబడలేదు. నాటకం కదా, ప్రతి మనిషికీ తన నాలుక ఉంది. రామప్పంతులు మాట్లాడితే పంతులే, మధురవాణి మాట్లాడితే ఆవిడే. పేరు చదవక్కర్లేకుండానే అమ్మ పోల్చుకునేది. విజయనగరం మాట మాకు పరాయిది కాదు, వాకిట్లో వినబడేదే. రాత్రికి పది పన్నెండు పేజీల చొప్పున ఇరవై రెండు రాత్రులు పట్టింది. గిరీశం ఇంగ్లీషు వచ్చినచోటల్లా మా అమ్మాయిని పిలవాల్సి వచ్చింది. దానివల్ల ఆలస్యమైందిగానీ అది కూడా వచ్చి కూర్చోవడం మొదలెట్టింది. మధ్య అంకాల్లో కొంచెం సాగుతుంది, దాచడం ఎందుకు. లుబ్ధావధాన్లు ఇంట్లో గొడవ ముదిరిన దగ్గర్నుంచి మళ్ళీ పరుగు అందుకుంటుంది.

అమ్మకి గిరీశం మీద ధ్యాస లేదు. ఆవిడ ధ్యాసంతా బుచ్చమ్మ మీదే. రోజూ అడిగేది: "ఆ పిల్ల ఏటయిందే?" చివరికి పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపుతారని చదివినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పూనా అంటే ఎంత దూరం? ఆ రోజుల్లో ఎన్ని బళ్ళు మారాలి?" అంది. నాకు తెలిసిన చదువరులెవరూ ఆ ప్రశ్న అడగలేదు. పెళ్ళయిన ఏడాదే పుట్టింటికి దూరమైన మనిషి మా అమ్మ. ఆ రాత్రి పుస్తకం మూసేశాక నేనూ అదే ఆలోచించాను.

సగంలో ఆగింది ఫకీర్ మోహన్ సేనాపతి ఛ మాణ ఆఠ గుంఠ. ఒడియాలోనే చదివాను. నేను దీన్ని కన్యాశుల్కం పక్కన పెట్టి ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. కన్యాశుల్కం మొదటి కూర్పు అచ్చయిన 1897లోనే ఇది ఉత్కళ సాహిత్య పత్రికలో ధారావాహికగా మొదలైంది. పైగా ఆయన అందులో పెట్టుకున్న మారుపేరు ధూర్జటి. మన కాళహస్తి కవి పేరు ఒక ఒడియా నవల మీద చూస్తే నాకు ఏదో చుట్టరికం కలిసినట్టయింది. ఒకే ఏడు, పక్కపక్క సీమలు. ఒకరు పెళ్ళి పేరుతో ఆడపిల్లల్ని అమ్మడం గురించి రాశారు, ఒకరు దస్తావేజు పేరుతో నేల లాక్కోవడం గురించి రాశారు.

పేరు దగ్గరే అమ్మ ఆపేసింది. "ఆరు మాణాలెనిమిది గుంఠాలా? మన లెక్కలో ఎంతవుద్ది, సెప్పు." బడి పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. ఇరవై ఐదు గుంఠాలైతే ఒక మాణ, మాణ అంటే ఎకరం. ఎనిమిది గుంఠాలంటే ముప్పై రెండు సెంట్లు. మొత్తం ఆరెకరాల ముప్పై రెండు సెంట్లు. ఆవిడ కళ్ళు మూసుకుని, పాతపట్నం అవతల తాతగారి పొలాన్ని గట్టు గట్టుగా తలుచుకుని, "మనదానికన్నా పెద్దదే" అంది. ఆ తర్వాత భగియా, సారియా అనే ఆ సాలె దంపతుల భూమి కథ ఆవిడకి కథలా లేదు. మా పక్క ఊళ్ళో ఎవరిదో పొలం తగువు విన్నట్టే విన్నది.

మరి ఎందుకు ఆగింది? నేను ఒడియా వాక్యం కళ్ళతో చదివి, తెలుగు చేసి పైకి చెబుతున్నాను. అమ్మకి ఒడియా రాక కాదు. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది, సంతలో బేరమాడుతుంది, పక్కింటావిడతో గంటలు మాట్లాడుతుంది. కానీ నూట పాతికేళ్ళ కిందటి పుస్తకం, కోర్టు కచేరీ మాటలు, పండితుల సంస్కృతం ఉంటాయి, అర్థం కావులే అని నేనే అనుకున్నాను. చిక్కు ఎక్కడంటే, ఈ నవల చెప్పే మనిషి ఎప్పుడూ పొగుడుతూనే ఉంటాడు. పొగడ్త అంతా తిట్టే. జమీందారు మంగరాజు ఎంత భక్తిపరుడో, ఏకాదశి నాడు తులసాకు, నీళ్ళు తప్ప ముట్టడట. దాన్ని నేను మెల్లిగా తెలుగు చేసేసరికి అందులో వెటకారం ఆరిపోయేది. అమ్మ, "మంచోడేనా మరి?" అని అడిగేది. ఏకాదశి రాత్రి పడగ్గదిలో పాలకుండ, అరటిపళ్ళు పెడతారనీ, తెల్లారి మంగలి జగా ఖాళీ కుండ కడుగుతాడనీ వచ్చినచోట మాత్రం తుళ్ళిపడి నవ్వింది. కుండ కళ్ళకి కట్టింది కాబట్టి నవ్వగలిగింది. కుండ లేని చోట్ల నా అనువాదం ఆవిడకి చేరలేదు. కొన్ని రాత్రులకే నా నాలుక అలిసిపోయింది. భగియా ఇంటి సంగతి తేలకముందే పుస్తకం అలమరలోకి వెళ్ళిపోయింది.

మూడోది కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారి యజ్ఞం. గుణుపురంలో పిన్నికి ఒంట్లో బాగోక నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు లైను ఇప్పుడు పెద్ద లైనయింది, అమ్మ ఇంకా చిన్న బండి అనే అంటుంది. ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుని చదివాను. 1964 నాటి కథ. సుందరపాలెంలో ఒక అప్పు తగువు, పెద్దమనిషి శ్రీరాములునాయుడు ముందు విచారణ. కథ నిండా లెక్కలే. ఊరికి రోడ్డొచ్చింది, బడొచ్చింది, అప్పల్రాముడి చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు. అదెలా అన్నది పైసాతో సహా చూపిస్తారు. ముగింపు నేను చెప్పను. కాశీనగర్ దాటాక చదివాను ఆ పేజీలు. గుణుపురంలో దిగి పిన్ని ఇంటికి నడిచిన దారి నాకు గుర్తు లేదు.

ఇది ఒంటరిగా చదవాల్సిన కథ. పెద్దవాళ్ళకి రాత్రి పూట పైకి చదివి వినిపించకండి. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. ఒకే సంపుటిలో కావాలంటే యజ్ఞంతో తొమ్మిది తీసుకోండి, 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికే.

ఇప్పుడు శ్రావణం సంగతి. నా ముందు ఐదు దారులున్నాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నాను.

గోపీనాథ్ మహంతి నవలలు రెండింటిలో ఏది ముందన్నది పెద్ద ప్రశ్న. ఆయన కొరాపుట్ వైపు ప్రభుత్వోద్యోగంలో తిరిగి, కొండల్లో మనుషులతో కూర్చుని రాసిన మనిషి. పరజా 1945లో, అమృతర సంతాన 1947లో వచ్చాయి. సాహిత్య అకాడమీ అవార్డులు మొదలైన 1955లో ఒడియాకి వచ్చిన బహుమతి అమృతర సంతానకే. అదే ఏడు తెలుగుకి సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకి వచ్చింది. అమృతర సంతాన తెలుగులో అమృత సంతానం పేరుతో ఉంది.

పరజా కథ సుక్రుజాని కుటుంబానిది. సాహుకారు దగ్గర అప్పు చేసి, తండ్రీ కొడుకులు గోతి పాలేర్లుగా, అంటే అప్పు కింద వెట్టి చేసేవాళ్ళుగా, మిగిలిపోతారు. పుస్తకం బిగువుగా ఉంటుంది, ఆగకుండా లాక్కుపోతుంది. రెండింట్లో ఒకటే చదివే తీరిక ఉన్నవాళ్ళకి నేను పరజాయే చెప్తాను. కానీ ఆషాఢంలో ఛ మాణ, యజ్ఞం చదివిన మనిషిని నేను. నేల పోవడం, అప్పులో మునగడం వరసగా మూడోసారి చదివితే మనసు మొద్దుబారుతుంది, మూడో కుటుంబానికి దక్కాల్సిన దుఃఖం దక్కదు. అది ఆ పుస్తకానికే అన్యాయం. అందుకే పరజా కార్తీకానికి పెట్టుకున్నాను.

అమృతర సంతాన లావుపాటి పుస్తకం. కోందులనే కొండజాతివాళ్ళ ఊరు, ముసలి పెద్ద సరబు సావొంత చనిపోవడంతో మొదలవుతుంది. అతని కొడుకు దివుడు, కోడలు పుయు, వాళ్ళ పసిబిడ్డ. దుఃఖం ఇందులోనూ ఉంది, పుయుది చిన్న దుఃఖం కాదు. అయితే కొండ మీద ఋతువులు, పండగలు, పాటలు, అడవి దాని చుట్టూ పరుచుకుని ఉంటాయి. వాన పడుతున్న నెలలో, రోజుకి కొంచెం చొప్పున చదవడానికి ఇలాంటి పుస్తకమే కుదురుతుంది. వేగం కోసం చదివేవాళ్ళకి విసుగొస్తుంది. మా రాయగడ, కొరాపుట్ వైపు కొండల మీద బస్సులో వెళ్ళినవాళ్ళకి రాదు.

పైకి వినిపించడానికి తెలుగు అనువాదం, ఒంటరిగా చదవడానికి ఒడియా అని మొదట అనుకున్నాను. దాన్ని మార్చుకోవాల్సి వచ్చింది, ఎందుకో చివర్లో చెప్తాను.

మూడో దారి చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు. ఇరవై నిమిషాలకి మించి తీరిక దొరకనివాళ్ళు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. కుంకుడాకు, వాయులీనం లాంటివి అన్నం ఉడికేలోగా అయిపోతాయి, తర్వాత వారం రోజులు వదలవు. రావిశాస్త్రి గారి కథలు కూడా చిన్నవే అయినా ఆ వాక్యం వేరు, ఉపమానం మీద ఉపమానం పడుతుంది. గొంతు విప్పి చదివేవాళ్ళకి పండుతుంది.

నాలుగోది గిడుగు రామమూర్తి గారి వ్యాసాలు. ఈ ఊరివాళ్ళకి ఆయన బాకీ ఉంది. 1880లో ఇక్కడికి బడి పంతులుగా వచ్చి, ముప్పై ఏళ్ళు చదువు చెప్పి, కొండ దిగి వచ్చే సవరల మాట నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మనం మాట్లాడే తెలుగే రాయాలన్న వాదన ఈ వీధుల్లోనే పదునెక్కింది. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. వాదన ఇష్టపడేవాళ్ళకి, టీచర్లకి ఆ వ్యాసాలు మంచి ఎంపిక. పైకి చదివితే మాత్రం నిలవవు, ఎదుటివాళ్ళ పుస్తకం నుంచి తప్పొప్పులు ఎత్తి చూపుతూ సాగుతాయి, కాగితం కళ్ళ ముందుండాలి.

ఐదోది చిన్నది, నాకు అన్నిటికన్నా నచ్చింది. రెండు కథల జంట. ఫకీర్ మోహన్ రేవతి 1898లో వచ్చింది, ఆధునిక ఒడియా కథల్లో మొదటిదంటారు. గురజాడ దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. తెలుగులో అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ రాశారు కాబట్టి తొలి కథ అన్న మాట నేను వాడను. రెండూ ఆడపిల్ల చదువు చుట్టూ తిరుగుతాయి. దిద్దుబాటులో చదువుకున్న కమలిని ఒక ఉత్తరం ముక్కతో మొగుణ్ణి దారిలో పెడుతుంది, ఇల్లు నవ్వుతో ముగుస్తుంది. రేవతిలో చదువుకుందామని ఆశపడిన పిల్ల ఇంటిమీద కలరా వచ్చి పడుతుంది, వరసగా మరణాలు. నాయనమ్మ ఆ పాపమంతా పిల్ల చదువు మీదే తోస్తుంది. ముందు రేవతి, తర్వాత దిద్దుబాటు చదవండి. తిరగేసి చదివితే ఆ రాత్రి నిద్ర పట్టదు. పిల్లలు ఒడియా బడిలో, పెద్దవాళ్ళు తెలుగులో ఉన్న ఇంటికి ఒక రాత్రిలో అయిపోయే ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలీదు.

పుస్తకం దొరకడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ సగం ఎంపిక దాన్నిబట్టే జరుగుతుంది. మా ఊరి షాపుల్లో నాకు దొరికేవి బడి పుస్తకాలు, గైడ్లు. తెలుగు పుస్తకం కావాలంటే శ్రీకాకుళం వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి, లేదా పోస్టులో తెప్పించుకోవాలి. రెండేళ్ళ కిందట పోస్టులో వచ్చిన ఒక కథల పుస్తకంలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు కుట్టేసి ఉంది, తర్వాతి ఫారం లేనే లేదు. నేను చూసుకునేసరికి నెల దాటింది, అమ్మినవాళ్ళు మార్చేది లేదన్నారు. అప్పట్నుంచి కట్ట విప్పిన రోజే పేజీ నంబర్లన్నీ తిప్పి చూస్తాను. ఐదు నిమిషాల పని, మీరూ చేయండి.

గురజాడ, ఫకీర్ మోహన్, గిడుగు గార్ల రచనలకి హక్కుల గడువు దాటిపోయింది. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్ళే. కాబట్టి వాటి పాత ప్రతులు ఇంటర్నెట్లో నిశ్చింతగా దించుకోవచ్చు. మహంతి, చాసో, రావిశాస్త్రి, కారా పుస్తకాలు అలా కాదు, కొనుక్కోవాలి. తెలుగు కథల్లో పాతవి వెతకాలంటే కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. పత్రికల్లో వచ్చిన కథల స్కాన్లు వాళ్ళ సైటులో చదువుకోవచ్చు. స్కాను ఫోన్లో చదవడం ఒక కథకి బాగుంటుంది. నవలకి వద్దు. పాత అచ్చు పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, చిన్నది చేస్తే వత్తులు కనబడవు, ఒడియా అచ్చయితే మరీ కష్టం. పైకి చదివేవాళ్ళకి ఈ తడబాటు గొంతులో తెలిసిపోతుంది. నవలకి కాగితమే.

మొన్న పున్నమి వెళ్ళాక, పక్కిళ్ళలో శ్రావణం వచ్చేసిన రాత్రి, ఒక పరీక్ష చేశాను. మా అమ్మాయికి రేవతి ఇచ్చి, అమ్మమ్మకి ఒడియాలోనే చదువు, తెలుగు చెయ్యకు అన్నాను. అది బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టి, రెండో పేజీకి మామూలుగా చదవడంలో పడింది. అమ్మ గోడకి జారబడి వింటోంది. రెండుసార్లు మాత్రం ఆపి మాటకి అర్థం అడిగింది. ఒకదానికి పిల్ల చెప్పింది, ఒకదానికి పిల్లకీ తెలీక ముగ్గురం అటూ ఇటూ ఊహించుకున్నాం. నాయనమ్మ రేవతిని తిట్టే చోట అమ్మ నోటితో తనూ ఆ ఒడియా తిట్టు మెల్లగా అంది. సంతలో, కుళాయి దగ్గర, యాభై ఏళ్ళుగా విన్న తిట్టు అది. నేను తెలుగు చేసి ఉంటే ఆ తిట్టు పోయేది.

అంటే ఆషాఢంలో ఆగిపోయింది పుస్తకం వల్ల కాదు, అమ్మకి అర్థం కాదని నేను మధ్యలో దూరడం వల్ల. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు పుస్తకం కొనే ముందు ఒక పని చేయండి. ఏ పుస్తకమైనా రెండు పేజీలు, దాని భాషలోనే, ఇంట్లో ఆ భాష బాగా వచ్చినవాళ్ళచేత పైకి చదివించండి. వినేవాళ్ళు ఎన్నిసార్లు ఆపారో చూడండి. నాలుగైదుసార్లకి మించితే అనువాదం తీసుకోండి. అంతకన్నా తక్కువైతే మూలమే.

నా శ్రావణం ఇలా కుదిరింది. రేవతి అయింది, దిద్దుబాటు రేపు, అది నేను చదువుతాను. పెళ్ళిళ్ళ హడావుడి మొదలయ్యేలోగా ఛ మాణ మళ్ళీ, పిల్ల గొంతుతో. అమృతర సంతాన దాని తర్వాత, తెలుగులోనా ఒడియాలోనా అన్నది రెండు పేజీల పరీక్ష తేలుస్తుంది. చాసో నా చేతిసంచిలో ఉంటారు, పిన్ని దగ్గరికి ఇంకో రెండుసార్లు వెళ్ళాలి. ఛ మాణ ఆగిన చోట నుంచి మొదలెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు, మొదటి అధ్యాయం నుంచి కావాలట, ఏకాదశి పాలకుండ మనవరాలి నోట వినాలట.